పంకా ఆపిన పూట

గటక రోజు

ఈ వంటింటి పుస్తకంలో వండింది మాత్రమే రాయాలని రూలు. జొన్న గటక, పచ్చిపులుసు. వండాను, వడ్డించాను, రాశాను. మిగతా పేజీ ఖాళీగా ఉంది కాబట్టి నా గోడు రాసుకుంటాను. నా తర్వాత ఈ గరిటె పట్టేవాడు చదివితే, ఓదెలుకు మతి పోయిందనుకోవచ్చు. అందులో అబద్ధం లేదు.

నేల కింద మేముండే ఈ బొగ్గు బాయిలో అందరూ ఇవాళ్టి నుంచి మూతికి మాస్కు కట్టుకోవాలని, పంకా నడిపే గాలి ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. పై నుంచి ఉప్పు తెచ్చి ఇచ్చి పోయినవాళ్ల వెంట ఒక జబ్బు దిగింది. జనం దాన్ని రొప్పు అంటున్నారు. మనిషి మంచంలో పడుకునే పరుగెత్తినవాడిలా రొప్పుతాడు. కొందరు తేరుకుంటున్నారు, కొందరు తేరుకోవడం లేదు. పడమటి గల్లీ దాటి ఇటు వచ్చేసిందట. అది నోటి నుంచి అంటుకుంటుంది కాబట్టి నోరు కట్టుకోవాలి. ఇంతవరకు నాకు బాగానే అర్థమైంది.

తర్వాత జనం తిండికి వచ్చారు. మొదటి మనిషి గిన్నె చాపి నిలబడ్డాడు. మూతి మీద గుడ్డ కదులుతోంది. ఏమంటున్నాడో దేవుడికే తెలియాలి. మేం మాటను కంటితో పట్టుకునే మనుషులం. పై నుంచి గాలి లాగే పెద్ద పంకా హోరులో చెవి ఉండి ఏం లాభం? పెదవి కనపడితే మాట ఉంది, లేకపోతే లేదు. నేను ఇంకో గరిటె గటక వేశాను. అతను తల అడ్డంగా ఊపాడు. పులుసు పోశాను. ఇంకా గట్టిగా ఊపాడు. చివరికి గుడ్డ కిందికి లాగి, "మా అత్తగారోళ్లు వచ్చిండ్రు, ఇంకో గిన్నె ఉన్నదా అని అడుగుతున్న" అన్నాడు. గుడ్డ ఎందుకు తీశావని వెనకున్నవాళ్లంతా అతని మీద పడ్డారు. ఆ మాట అడగడానికి వాళ్లూ తీశారు.

తలుపు పక్కన మా అవ్వ కూర్చుని జొన్నల్లో రాళ్లు ఏరుతోంది. అవ్వ అంటే నన్ను కన్న తల్లి, పోశవ్వ. పైన ఎండలకు ఊళ్లు ఖాళీ అవుతున్న కాలంలో, పెళ్లయిన కొత్తలో ఈ పాత బొగ్గు బాయిలోకి దిగింది. నేను ఇక్కడే పుట్టాను. ఆమెకు కళ్లు పోయి చాలా కాలమైంది కాబట్టి మాటను వేళ్లతో పట్టుకుంటుంది. రెండు వేళ్లు ఎదుటి మనిషి పెదవుల మీద, బొటనవేలు గడ్డం కింద. తిండికి వచ్చే ప్రతివాళ్లూ తలుపు దగ్గర కాస్త వంగి ఆమె వేళ్లకు నోరు అందించి, ఏదో ఒక కబురు చెప్పి లోపలికి వస్తారు. అది మా వంటింటి అలవాటు. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరి మోకాలు వాచింది, ఎవరు ఎవరితో అలిగారు, అన్నీ ఆమె దగ్గర ఉంటాయి.

ఇవాళ ఆమె చేయి చాపిన ప్రతిసారీ గుడ్డ తగిలింది. కొందరు గుడ్డ తీసి కబురు చెప్పారు. కొందరు పక్కకు తప్పుకుని వెళ్లిపోయారు. వడ్డన అయ్యాక నేను దగ్గరికి వెళ్తే, "ఏంది బిడ్డా, బాయిల అందరికి ఒక్కసారే పండ్లు నొస్తున్నయా?" అని అడిగింది.

నేను గుడ్డ తీసి ఆమె వేళ్ల కింద నోరు పెట్టి సంగతి చెప్పాను. మొదటి రోజే ఉత్తర్వు తప్పినవాళ్లలో నేనూ ఉన్నానని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

పప్పు రోజు

పెసరపప్పు, జొన్నరొట్టె. బాయిలో వారాలకు వేరే పేర్లు లేవు, నేను ఏం వండితే అదే ఆ రోజు పేరు. కాబట్టి నేను తలచుకుంటే రేపు కూడా పప్పు రోజే చేయగలను. ఈ మాట ఎవరితోనూ అనకూడదు.

బాయి రెండుగా చీలింది. గాలి ఆఫీసు పెద్ద రాజేశం మాస్కు ఉండాలంటాడు. బడిలో పిల్లలకు పెదవి మాట నేర్పే విమలక్క వద్దంటుంది. ఇద్దరూ తిండికి నా దగ్గరికే రావాలి కాబట్టి ఇద్దరి మాటా నేను విన్నాను, అంటే చూశాను. రాజేశం భార్య రొప్పుతో వార్డులో ఉంది. అతను మూలకు వెళ్లి, అందరికీ దూరంగా నిలబడి, గుడ్డ తీసి చెప్పాడు. రోజుకు ఇద్దరు ముగ్గురు కొత్తగా వస్తున్నారట, మంచాలు లేవట, మాటకంటే ఊపిరి ముందా కాదా అని అడిగాడు. నేను అవునని తలూపాను.

విమలక్క అసలు గుడ్డ కట్టుకోలేదు. మూడేళ్ల పిల్లలు ఇప్పుడు మాట నేర్చుకోవాలని, ఈ వయసు దాటితే పెదవి తిరగదని చెప్పింది. మూతి చూడకుండా వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఊపిరి ఉండి మాట లేనివాళ్లను ఎందరిని తయారు చేస్తారు? నేను దానికీ తలూపాను. ఇంటికి వెళ్లేసరికి నా మెడ నొప్పి పుట్టింది గానీ నేను ఏ పక్షమో నాకు తెలియలేదు.

మధ్యేమార్గాలు చూశారు. మూతి కనపడేలా మాస్కుకు పారదర్శకమైన రేకు కుట్టి ఒకడు వేసుకొచ్చాడు. బాయి చెమ్మకు రెండు మాటల్లోనే రేకు మసకబారి, లోపల మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియలేదు. అందరూ పలకలు పట్టుకున్నారు. తిండి వరసలో ఒకడు "కొంచెం పలచగా" అని రాసేలోపు వాడి రొట్టె చల్లారిపోతుంది. పైగా మా అవ్వకు పలక దేనికి పనికొస్తుంది?

ఈ గందరగోళంలో హాయిగా ఉన్నది పిల్లలే. వాళ్లకు ఎప్పటినుంచో డొప్పాట ఉంది. వీపు వీపు ఆనించి కూర్చుని, తల వెనక భాగాలు ఒకదానికొకటి అదిమి, గొంతు తీసి ఊఁ అంటారు. అవతలివాడి గొంతు పుర్రెలో గుర్రుమంటుంది. చిన్నప్పుడు నేనూ ఆడాను. అందులో మాటలేం ఉండవు, ఒట్టి గుర్రు. కానీ నవ్వొస్తుంది. ఇవాళ బడి ముందర పిల్లలంతా గుడ్డలు కట్టుకుని అదే ఆడుతున్నారు.

పుట్టగొడుగుల రోజు

కూర మాడింది. కారణం నా భార్య సుగుణ.

సుగుణ వార్డులో పనిచేస్తుంది. పొద్దున ఇంట్లో నన్ను గోడవైపు లాగి, గుడ్డ దించి చెప్పింది. వార్డులో ఉన్నవాళ్లలో సగం మంది వంటింటి తలుపు దగ్గర వంగేవాళ్లేనట. అవ్వ వేళ్లు ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్తాయి. మధ్యలో ఆమె ఆ చేయి కడగదు. అవ్వతో పాటు పై నుంచి దిగినవాళ్లలో బతికున్న ఇద్దరు ముసలివాళ్లు కూడా నిన్న వార్డులో చేరారు, వాళ్లు రోజూ అవ్వతో ముచ్చట పెట్టేవాళ్లే. ఇంతవరకు అవ్వకు రాకపోవడం అదృష్టమని, వస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవని చెప్పింది. ఆమెను తలుపు దగ్గర కూర్చోబెట్టొద్దని, ఎవరి మూతీ ముట్టుకోనివ్వొద్దని, నన్ను కూడా గుడ్డ లేకుండా ఆమె దగ్గరికి పోవద్దని ఆన పెట్టింది.

నాకు కోపం వచ్చింది. ఇంత జబ్బు ఒక ముసలిదాని రెండు వేళ్ల మీద పెడతావా అన్నాను. సుగుణ కళ్లు చూస్తే నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనిపించింది. అప్పుడు నా మీద నాకే కోపం వచ్చి, అది ఎటు పోవాలో తెలియక కూర మీదికి పోయింది.

మధ్యాహ్నం అవ్వను వంటింటి వెనక సామాన్ల గదిలో కూర్చోబెట్టాను. జొన్నల గంప ముందు పెట్టాను. సుగుణ చెప్పినట్టే గుడ్డ తీయలేదు. ఆమె చేయి చాపింది, నా మూతి మీద గుడ్డ తడిమింది, ఆగింది. మళ్లీ తడిమింది.

"ఓదెలూ, నువ్వేనా? నా మీద అలిగినవా?"

ఆమెకు కారణం ఎలా చెప్పను? చెప్పాలంటే గుడ్డ తీయాలి. గుడ్డ తీయకూడదన్నదే నేను చెప్పాల్సిన మాట. ఆమె చేయి పట్టుకుని ఊరికే నొక్కాను. అలగలేదని నా ఉద్దేశం. ఆమెకు ఏమని అర్థమైందో తెలియదు. కాసేపటికి చేయి విడిపించుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

అంబలి రోజు

జొన్నంబలి, ఉల్లిగడ్డ. అవ్వ తాగలేదు.

పొద్దున వరసలో కొట్టుకున్నారు. గుడ్డ లేని ఒకతను దగ్గాడని, గుడ్డ ఉన్న ఇంకొకతను తన గుడ్డ తీసి అతని మూతికి కట్టబోయాడు. ఇద్దరూ అంబలి కాగు మీద పడ్డారు. నా చేయి కాలింది. ఒలికిన అంబలి చూస్తూ రెండు పక్షాలూ ఒకరినొకరు పలకల మీద తిట్టుకున్నాయి. అచ్చుతప్పులతో.

ఇక ఇలా కాదని, అందరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోవాలని అనుకున్నారు. రేపు వంటింటి హాలులో సభ. మాస్కులు కట్టుకుని సభలో ఎలా మాట్లాడాలన్నది పెద్ద చిక్కు. తీసి మాట్లాడితే జబ్బు, కట్టుకుని మాట్లాడితే మూగ. అప్పుడు రాజేశానికి ఒక ఉపాయం తట్టింది. పైన పంకా లేదు కాబట్టి మనుషులు చెవులతో వినేవాళ్లని పెద్దలు చెప్పేవాళ్లు కదా, సభ జరిగినంతసేపు పంకా ఆపేద్దాం, గుడ్డలు కట్టుకునే చెవులతో వినొచ్చు అన్నాడు. విమలక్క కూడా ఒప్పుకుంది. ఈ జబ్బు వచ్చాక రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న విషయం ఇదొక్కటే.

నేనూ మెచ్చుకున్నాను. ఎంత తెలివైనవాడు రాజేశం అనుకున్నాను.

సాయంత్రం అవ్వ గదిలోకి వెళ్తే, ఆమె తన వేళ్లు తన పెదవుల మీదే పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటోంది. గుడ్డ మీద చేయి వేశాను, తీయలేకపోయాను. ఆమెను బతికించుకుంటున్నానా, బతికుండగానే పూడ్చిపెడుతున్నానా?

పులుసు రోజు

తొట్టి చేపల పులుసు. సభ కోసం హాలు ఖాళీ చేసి, పులుసు పొయ్యి మీదే ఉంచాను.

జనం గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. విమలక్క కూడా, సభ మర్యాద కోసమని, మొదటిసారి కట్టుకుంది. పంకా ఇంటికి కబురు వెళ్లింది.

హోరు మెల్లగా తగ్గింది, తగ్గింది, పోయింది. నాకు చెవుల్లోంచి ఎవరో దూది లాగేసినట్టయింది. సుగుణ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. పిల్లల ఏడుపుకు చప్పుడు ఉంటుందని తెలుసు గానీ, అంత ఉంటుందని తెలియదు. నా వెనక ఏదో బుడబుడమంటోంది. ఉలిక్కిపడి చూస్తే నా పులుసే. ఇన్నేళ్లుగా వండుతున్నాను, ఉడికేటప్పుడు అది మాట్లాడుతుందని నాకు తెలియదు.

రాజేశం లేచి మొదలుపెట్టాడు. అంత భారీ మనిషికి సన్నటి, కీచు గొంతు. జనం ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఈ సంగతి ముందు ఎవరికీ ఎందుకు తోచలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మాకు గొంతులు ఉన్నాయి. గొంతు కలిపితేనే పెదవి సరిగ్గా తిరుగుతుందని బడిలో అలాగే నేర్పుతారు. కానీ ఒకరి గొంతు ఒకరం ఏనాడూ విని ఎరగం. చెవిలో పడ్డ చప్పుడును మాట చేసుకోవడం బాయిలో పుట్టిన ఎవరికీ రాదు. రాజేశం మళ్లీ గట్టిగా చెప్పాడు. చప్పుడు పెరిగింది, అర్థం పెరగలేదు. చివరికి విసుగొచ్చి, మాస్కు ఎందుకు తీయకూడదో చెప్పడానికి మాస్కు తీసేశాడు.

అతన్ని చూసి విమలక్క తీసింది. ఆమెకు జవాబు చెప్పడానికి నలుగురు తీశారు. క్షణంలో హాలులో సగం మూతులు బయటికొచ్చాయి. పంకా లేక గాలి కదలడం లేదు. పొయ్యి పొగ లేచినచోటే నిలబడిపోయి ఉంది. సుగుణ దాన్నే చూస్తోంది. పంకా వేయండని ఆమె చేతులు ఊపింది. ఆమె ఏ పక్షం తరఫున ఊపుతోందో అర్థం కాక ఎవరూ కదల్లేదు.

అప్పుడు సామాన్ల గది తలుపు తెరుచుకుంది. అవ్వ గోడ పట్టుకుని వచ్చింది. ఆమె ముఖంలో అలాంటి వెలుగు నేను ఎన్నడూ చూడలేదు.

"ఎవలది, గంత సన్నగ మాట్లాడేది?" ఆమె పెదవులు అందరికీ కనపడుతున్నాయి. "ఒక్కొక్కలు మాట్లాడుండ్రి. ఒక్కసారే లొల్లి పెడ్తె నాకెట్ల ఇనవడ్తది?"

ముందు విమలక్కకు వెలిగింది. గుడ్డ మళ్లీ కట్టుకుని, దాని చాటు నుంచి ఏదో అంది. అవ్వ తల వంచి వింది. "మూడేండ్ల పోరగాండ్లు మాట ఎట్ల నేర్సుకోవాలె అంటున్నది ఈమె" అని ఆమె నోరు మాకు చెప్పింది. హాలంతా ఆమె వైపు తిరిగింది. పై నుంచి దిగినవాళ్లలో మిగిలిన ఇద్దరూ వార్డులో ఉన్నారు. మొత్తం బాయిలో ఇప్పుడు చెవితో వినగలిగింది ఈ గుడ్డి మనిషి ఒక్కతే.

"అందరు మూతులు కట్టుకోండ్రి" అంది అవ్వ. "నేను చెప్త."

కట్టుకున్నారు. ఒక్క ముఖం తెరిచి ఉంది, అందరూ దాన్నే చూశారు. సభ అప్పుడు నిజంగా జరిగింది. రాజేశం తన భార్య సంగతి చెప్పాడు, అవ్వ అతనిలాగే గొంతు పూడుకుపోతూ చెప్పింది. ఎవడో కోపంగా తిట్టాడు, అవ్వా అంతే కోపంగా తిట్టింది. ఆమె చేతులు సంతోషంతో ఆడుతున్నాయి. ఆమె ఊపిరి కూడా ఎగపోస్తోంది. నేను అది చూశాను. ఎంత బాగా చెప్తోంది మా అవ్వ అని పొంగిపోతూనే, ఈ కదలని గాలిలో ఇంత మంది మధ్య మూతి తెరుచుకుని ఉన్నది ఆమె ఒక్కతేనని కూడా చూశాను.

సుగుణ నా చేయి వదిలి లేచింది. గుడ్డ చాటునే మాట్లాడింది. అవ్వకు ఆ గొంతు ఎవరిదో తెలియదు.

"వార్డుల పని చేసే ఆమె అంటున్నది" అని అవ్వ మొదలుపెట్టింది. "రొప్పు వంటింటి తలుపు కాడికెళ్లి అంటుతున్నది. నా కండ్లతోని చూసిన. పోశవ్వ వేళ్లు ఒక నోటికాడికెళ్లి ఇంకో నోటికి పోతున్నయి. ఆమెను ఆడ కూసోవెట్టుడు ఆపాలె. ఆమె పానానికి సుత మంచిది కాదు."

మాట పూర్తయ్యాక గానీ ఆ మాట తన గురించేనని ఆమెకు తట్టలేదనుకుంటాను. పెదవులు ఆగాయి. కుడిచేతి రెండు వేళ్లను ఎడమ చేత్తో పట్టుకుని కాసేపు రుద్దుకుంది. సుగుణ ముఖం చేతుల్లో దాచుకుంది. తర్వాత అవ్వ తల ఎత్తి, "ఇంకెవలు మాట్లాడుతరు?" అంది.

నేను లేచాను. ఏ పక్షమో అప్పటికీ తెలియదు. కానీ లేచాను. నా గొంతు నా చెవులకే వింతగా తగిలింది, గరుకుగా, విరిగిపోతూ.

"ఇగ చాలు అంటున్నడు ఈయన" అంది అవ్వ. "ఆ ముసలామెకు సుత మూతికి గుడ్డ కట్టుండ్రి. అందరి మాట చెప్పుడు ఆమె పని కాదు. ఆమె మా అవ్వ."

చివరి మాట దగ్గర ఆమె ఆగిపోయింది. బాయిలో ఆమెను అవ్వా అనే కొడుకును నేనొక్కడినే. చేతులు ముందుకు చాపి, మళ్లీ వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఓదెలూ" అంది. "గిదా నీ గొంతు? నువ్వు పుట్టినప్పుడు సుత ఇనలే కొడుకా. ఇంకో మాట మాట్లాడు."

బాయి బాయంతా నా గుడ్డకేసి చూస్తోంది. రోజూ ఆమెను అడిగేది ఏదో అదే నోటికొచ్చింది, అదే అన్నాను.

"గంజి తాగుతవా అని అడుగుతున్నడు" అని అవ్వ అలవాటుగా సభకంతా చెప్పింది. నవ్వినవాళ్లు నవ్వారు. నా కళ్లు నిండిపోయి నాకేమీ కనపడలేదు.

తర్వాత ఆమె తన కొంగు చింపి తన మూతికి తనే కట్టుకుంది. దాంతో సభకు నోరు పోయింది. రాజేశం గుడ్డ చాటున ఏదో అడిగి చెయ్యెత్తాడు. ఎందుకెత్తాడో తెలియక అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. పంకా మళ్లీ మొదలైంది.

ఒట్టి రోజు

ఇవాళ వంట లేదు, ఉన్నదే తినాలి. పులుసు మిగిలింది.

దేనికి చేతులెత్తామో బాయిలో ఎవరికీ తెలియదు. మాస్కు పక్షం మేమే గెలిచామంటోంది, వద్దన్న పక్షం మేమే అంటోంది. రాజేశాన్ని అడిగాను. నువ్వు ఏమడిగావు అంటే, సభ ముగిద్దామా అని అడిగానని గుర్తు, కానీ మాస్కుల గురించి కూడా అడిగానేమో అని పలక మీద రాశాడు.

మళ్లీ పప్పు రోజు

వార్డు నిండిపోయి, బడిలో కూడా మంచాలు వేశారు. సభలో అంటుకుందని అందరూ ఒప్పుకుంటున్నారు. మాస్కులు తీశారు కాబట్టి అంటుకుందని ఒకరు, పంకా ఆపారు కాబట్టి అంటుకుందని ఇంకొకరు. రెండూ నిజమే కదా అని నేను పలక మీద రాస్తే రెండు పక్షాలవాళ్లూ నా వైపు అసహ్యంగా చూశారు. విమలక్క బడి మూసేసి, వచ్చి నాకు వంటలో సాయం చేస్తోంది. మాస్కు కట్టుకుంది. నువ్వు ఓడిపోయావా అని రాసి అడిగితే, లేదు, భయపడ్డాను అని రాసింది.

అవ్వకు పొద్దుట్నుంచి రొప్పు.

మళ్లీ అంబలి రోజు

అంబలి పని విమలక్క చూసుకుంది. నేను వార్డుకు వెళ్లాను.

అవ్వ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. మూతికి గుడ్డ లేదు, ఉంటే ఆ కాస్త గాలీ అందదని సుగుణ తీసేసింది. కానీ కుడి చేయి చూశాను. రెండు వేళ్లకూ గుడ్డ చుట్టి ముడి వేసి ఉంది. ఎవరు కట్టారని సుగుణను సైగ చేసి అడిగాను. అత్తే కట్టుకుందని పలక మీద రాసింది. ఎన్నిసార్లు విప్పబోయినా తీయనివ్వలేదట. కింద, "నేను ఆ మాట అట్ల అనకుండ ఉండాల్సింది" అని రాసి, తుడిచేసింది.

పంకా హోరుమంటోంది. ఆపమని అడగడానికి నేనెవరిని? ఆపితే వార్డులో అందరి ఊపిరీ పోతుంది. ఆమె చెవికి నా గొంతు అందదు. ఆమె వేళ్లకు నా పెదవి అందదు. గిన్నెలో గంజి పట్టుకుని ఆమె ముందు పిచ్చివాడిలా నిలబడ్డాను. ఒక పక్క గుడ్డ ఆమెను కాపాడుతుందని నమ్ముతున్నాను, ఇంకో పక్క ఆ గుడ్డను చింపి పొయ్యిలో వేయాలని ఉంది. రెండూ ఒకే మనిషికి ఎలా అనిపిస్తాయి?

అప్పుడు బడి ముందర పిల్లలు గుర్తుకొచ్చారు.

మంచం ఎక్కి, ఆమె వీపుకూ గోడకూ మధ్య దూరాను. నా ముఖం గోడవైపు, ఆమె ముఖం అటువైపు. వీపుకు వీపు ఆనించి, నా తల వెనక్కి వాల్చి ఆమె తలకు అదిమాను. ఆమె ఉలిక్కిపడింది. నేను గొంతెత్తి, గుడ్డ చాటు నుంచే, "అవ్వా, గంజి తాగుతవా?" అన్నాను.

ఆమె వీపు కదలడం ఆగింది. ఒక్క క్షణం రొప్పు కూడా ఆగినట్టే అనిపించింది. తర్వాత ఆమె తల నా తలలోకి గుర్రుమంది. ఏదో అంటోంది. చాలాసేపు అంది. నా పుర్రె నిండా అవ్వ గొంతు ఉంది, ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఎదురుగా నిలబడి ఆమె పెదవులు చూస్తున్న సుగుణ ఏడుస్తూ, నవ్వుతూ పలక మీద రాసి, పక్కకు వచ్చి నాకు చూపించింది.

"తాగుతదట. మొన్న గంజిల ఉప్పు మర్చిపోయినవట. అయిదేండ్ల సంది ఉప్పు తక్కువేస్తున్నవు, ముఖం మీద చెప్తే బాధపడ్తవని చెప్పలేదట."

రెండో ఒట్టి రోజు

వంట లేదు. రాయడానికి మాత్రం ఉంది.

అవ్వకు కాస్త నయమే అంటుంది సుగుణ. డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేనంటున్నాడు. వేళ్లకు గుడ్డ మాత్రం తీయడం లేదు. ఇక తీయనని చెప్పింది.

బాయిలో సగం మందికి మాస్కు ఉంది, సగం మందికి లేదు. ఏది సరైనదో నాకు తెలియదు, తెలిసినట్టు నటించే ఓపిక కూడా లేదు. నేను కట్టుకుంటున్నాను, అంతే. రోజూ వార్డుకు వెళ్లి ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చుంటాను. నేను అడుగుతాను, ఆమె చెప్తుంది, సుగుణ రాస్తుంది. సుగుణకు పని ఉంటే ఊరికే ఆ గుర్రు వింటూ కూర్చుంటాను. వార్డులో ఇంకో ఇద్దరు ఇలాగే కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇవాళ సుగుణ లేదు. గంజి తాగించాక తల ఆనించాను. అవ్వ తలలోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. మళ్లీ అదే వచ్చింది. ముందు పెదవులు మూసుకున్నట్టు, తర్వాత విడిపోయినట్టు. ఎవరూ రాయలేదు, ఎవరూ చూపించలేదు. ఆ చప్పుడు నా తలలో ఉన్నట్టుండి మాట అయింది.

ఉప్పు.

లేచి వెళ్లి వేసుకొచ్చాను.